చివర నడిచేవాళ్లని వదిలేయని ట్రెకింగ్ గ్రూపు: తిరుపతిలో నా అనుభవం

రేటింగ్ ముందే చెప్పేస్తా: ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను. గ్రూపు పేరు మాత్రం రాయడం లేదు. ఒక్కో నడకకి పదిహేను మందినే తీసుకుంటారు. "పేరు బయటికొస్తే వంద ఫోన్లొస్తాయి, ఎవర్నీ కాదనలేక ఇబ్బంది పడతాం, దయచేసి రాయొద్దక్కా" అని వాళ్లే అడిగారు. సరేనని మాటిచ్చాను. అందుకే వాళ్లు ఎలా పనిచేస్తారో కాస్త వివరంగా రాస్తున్నా. ఇలాంటి గ్రూపు మీకు ఎదురైతే గుర్తుపట్టగలుగుతారు.

నాకు 49 ఏళ్లు. తిరుపతిలో ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాషియర్‌ని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచే పని ఉండదు. షుగర్ బార్డర్‌లో ఉందని రెండేళ్ల కిందట డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి వారానికోసారి తిరుమలకి వెళ్లే మెట్లదారి శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాను. 2388 మెట్లు. మొదట్లో రెండున్నర గంటలు పట్టేది, ఇప్పుడు గంటా ఇరవై నిమిషాల్లో పైన ఉంటున్నా. అలా ఎక్కుతూ పక్కనున్న అడవి వైపు చూసినప్పుడల్లా, మెట్లు లేని చోట నడిస్తే ఎట్లా ఉంటుందో అనిపించేది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అక్కడ ఒక గ్రూపుతో నెలనెలా కొండలెక్కుతుంది. "నువ్వూ చేరమ్మా, ఒక్కదానివి మాత్రం పోవద్దు" అంది.

మొదటిసారి చేరిన గ్రూపు వేరు. దాని పేరు కూడా రాయను. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో చూసి డబ్బు కట్టాను. వాళ్లు నన్ను అడిగినవి రెండే: పేరు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్. ఆ రోజు 42 మందిమి. పుత్తూరు వైపు ఒక కోనకి తీసుకెళ్లారు. నడిపించే అబ్బాయి డ్రోన్ పట్టుకుని కుర్రాళ్లతో ముందు వెళ్లిపోయాడు. పదకొండున్నరకల్లా నేనూ, రేణిగుంట నుంచి వచ్చిన ఇంకొకావిడా మాత్రమే మిగిలాం. దారి రెండుగా చీలిన చోట ఆగిపోయాం. సిగ్నల్ లేదు. అరిస్తే పలికేవాళ్లు లేరు. నలభై నిమిషాలు ఒక బండ మీద కూర్చున్నాం. నీళ్లు సగం బాటిల్ ఉన్నాయి, ఇద్దరం గుక్కెడు గుక్కెడు తాగాం. చివరికి మేకలు మేపుకుంటున్న ఒక తాత కనపడి, "పైకి పోవద్దండమ్మా, ఈ వంకెంబడే దిగండి, రోడ్డొస్తుంది" అని చెప్పి కొంతదూరం తోడొచ్చాడు. బస్సు దగ్గరికి చేరేసరికి మిగతావాళ్లు కూడా వచ్చేస్తున్నారు. మేం తప్పిపోయామన్న సంగతే ఎవరికీ తెలియదు. ఒక్కసారి కూడా తలలు లెక్కపెట్టలేదు. దిగేటప్పుడు బూటు ముందుభాగానికి తగిలి తగిలి నా కాలి బొటనవేలి గోరు నల్లబడింది. అది ఊడి కొత్తది రావడానికి చాలా నెలలు పట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాత రాకపోతే ఏమయ్యేదని ఒకటే ఆలోచన. అయినా మానేయాలని అనిపించలేదు. ఈసారి అడగాల్సినవి అడిగి చేరాలి అనుకున్నా.

నాలుగు గ్రూపులకి ఫోన్ చేశాను. అందరినీ మొదట అడిగింది ఒకటే: "అందరికంటే వెనక ఎవరు నడుస్తారు?" ఇద్దరికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఒకతను "అందరం కలిసే వెళ్తాం మేడం" అన్నాడు. కలిసి వెళ్లడమంటే ఏమిటో నేను చూసే ఉన్నాను కాబట్టి అక్కడితో పెట్టేశా. ఇంకొకరు "పర్మిషన్ గిర్మిషన్ ఏం అక్కర్లేదక్కా, ఏ ఆదివారమైనా తుంబురు తీర్థం తీసుకుపోతాం" అన్నారు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగుతా. తిరుపతిలో ఉండేవాళ్లకే ఇది సరిగా తెలియడం లేదు. ఆ తీర్థం ఉన్న శేషాచలం, అంటే మన తిరుమల కొండలు, మామూలు కొండ కాదు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం అయింది, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. పైగా ఇది ఎర్రచందనం అడవి. స్మగ్లర్ల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు తిరుగుతూ ఉంటారు. అనుమతి లేకుండా లోపల కనపడితే మీరు ట్రెకింగ్‌కొచ్చారో దుంగలకొచ్చారో వాళ్లకేం తెలుస్తుంది? తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి, కుమారధారకి మాఘ పౌర్ణమికి టీటీడీ వాళ్లు భక్తుల్ని పంపిస్తారు. దారి పొడవునా సిబ్బంది ఉంటారు, అన్నం, నీళ్లు ఇస్తారు. ఆ రోజు వెళ్లండి, హాయిగా ఉంటుంది. మిగతా రోజుల్లో తీసుకెళ్తామనే గ్రూపు మిమ్మల్ని ఎంత పద్ధతిగా పలకరించినా నమ్మకండి.

ఐదో నంబరు మా బ్రాంచికొచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఇచ్చారు. నేను ప్రశ్నలు రాసుకుని కూర్చుంటే, ఆ గ్రూపు నడిపే తమ్ముడే నన్ను పావుగంట అడిగాడు. వయసెంత, బీపీ షుగర్ ఉన్నాయా, ఏ మాత్రలు వేసుకుంటారు, మోకాళ్లు ఎట్లున్నాయి, శ్రీవారి మెట్టు ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఎన్నిసార్లు కూర్చుంటారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి. చివర్లో, నేను అడిగిన రెండు రోజుల ట్రెక్‌కి కుదరదన్నాడు. "ముందు తలకోన జలపాతానికి రండక్కా. మీ నడక మేం చూడాలి, మా పద్ధతి మీరు చూడాలి. తర్వాత పెద్దవాటి సంగతి." అప్పుడు కాస్త మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ "కుదరదు" అన్న మాటే నాకు ధైర్యమిచ్చింది. డబ్బిస్తానన్నా కాదన్నవాడు అడవిలో నన్ను వదిలేసి పోడు కదా.

వెనక ఎవరు నడుస్తారని అడిగితే, "మాలో ఒక నర్సమ్మ ఉంది, ఆమె నడుస్తుంది. ఆమెని దాటి వెనక ఎవరూ ఉండరు" అన్నాడు.

ఫీజు 750 రూపాయలు. వ్యాను, టిఫిను, మధ్యాహ్నం భోజనం, అడవి టికెట్టు అన్నీ అందులోనే. దేనికెంతో వాట్సాప్‌లో ముందే పెట్టారు, అయిపోయాక మిగిలిన 40 రూపాయలు తిరిగి వేశారు. బ్యాంకులో పనిచేసేదాన్ని, నాకది బాగా నచ్చింది.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి యూనివర్సిటీ గేటు దగ్గర ఎక్కించుకున్నారు. పధ్నాలుగు మందిమి. అంతకుముందు వారమే వెళ్లాల్సింది, వాన సూచన ఉందని వాయిదా వేశారు. ఒకరిద్దరు విసుక్కున్నారు గానీ నాకు ఆ నిర్ణయం సబబే అనిపించింది. మన దగ్గర వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చేవే ఎక్కువ. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి, 2022 మే దాకా మూసేశారు. కట్టిన మెట్లకే ఆ గతి పడితే వాగులో నడిచేవాళ్ల సంగతేంటి?

భాకరాపేట దాటాక పొగమంచు. నెరబైలులో టీ తాగి, తలకోన గేటు దగ్గర పేర్ల లిస్టు ఇచ్చి లోపలికెళ్లాం. సిద్ధేశ్వరస్వామి గుడిలో దండం పెట్టుకున్నాక అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరికీ నంబరిచ్చారు. ఆగిన ప్రతిచోటా ఒకటి నుంచి పధ్నాలుగు దాకా పలకాలి. నాది పదకొండు. మెడలో వేసుకోవడానికి తలా ఒక ఈల ఇచ్చారు. ఒకసారి ఊదితే ఆగండి, మూడుసార్లు ఊదితే సాయం కావాలి. ముందు నడిచేది ఆ తమ్ముడు, వెనక నర్సమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సంచిలో బ్యాండేజీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, గ్లూకోజు, మడత కత్తెర. నడక మొదలుపెట్టేముందు ఆ సంచి విప్పి అందరికీ చూపించింది, తనకే ఏమన్నా అయితే ఏది ఎక్కడుందో మాకు తెలియాలని.

నా నల్లబడిన గోరు సంగతి ముందే ఫోన్‌లో తమ్ముడికి చెప్పాను, అది ఆ నర్సమ్మాయి దాకా చేరి గుర్తుపెట్టుకుంది. తిరిగి దిగేముందు "అక్కా, ఒక్క నిమిషం" అని నా ముందు కూర్చుని లేసులు విప్పింది. బూటుకి అన్నిటికంటే పైన ఉండే రెండో కన్నం ఉంటుంది చూడండి, మనం ఎప్పుడూ వాడం. లేసుని అదే వైపున్న ఆ కన్నంలోకి దూర్చి, వేలు పట్టేంత ఉచ్చులాగా వదిలింది. రెండో వైపూ అంతే. ఆ తర్వాత కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి తీసి, మడమని వెనక్కి నొక్కిపెట్టి బిగించి ముడేసింది. పాదం బూటులో కుదురుగా కూర్చుంది. దిగినంతసేపూ ఒక్కసారి కూడా వేళ్లు ముందుకి తగల్లేదు. రెండేళ్లుగా నడుస్తున్నా ఆ కన్నం ఎందుకుందో నాకు ఎవరూ చెప్పలేదు.

వెనక నడిచినందుకు నాకు దక్కినవి కూడా ఉన్నాయి. గిల్లతీగ చూశాను. తొడంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి, అట్నుంచి ఇంకోదాని మీదికి పోతూనే ఉంది. మొదలెక్కడో చివరెక్కడో కనిపెట్టలేకపోయాం. నీళ్లకి దగ్గర్లో ఒక రాతి సందులో ఆ అమ్మాయి టార్చి వేసి చూపించింది. అరచేయంత బల్లి, ఒంటికంతా పసుపు రాసినట్టుంది. బంగారు బల్లి. మగవే అంత పసుపుగా ఉంటాయట. టార్చి రెండు క్షణాలే వేసి ఆర్పేసింది, దాన్ని బెదరగొట్టొద్దని. ఫోటో తీయబోయిన ఒకబ్బాయిని వద్దంది. వాడూ మారుమాట్లాడలేదు.

జలపాతం 270 అడుగులు. మన రాష్ట్రంలో ఇదే అన్నిటికంటే ఎత్తైనదని చెప్తారు. కింద నిలబడి తలెత్తితే తుంపర మొహాన పడి కళ్లు తెరవలేకపోయాం. గుండంలోకి ఎవర్నీ దిగనివ్వలేదు. అంచున కూర్చుని కాళ్లు పెట్టుకోమన్నారు. ఈతొచ్చిన కుర్రాళ్లు బతిమాలినా తమ్ముడు ఒప్పుకోలేదు. భోజనం పులిహోర, పెరుగన్నం, చెనక్కాయల చట్నీ. తిన్నాక ఆకులూ కాగితాలూ మా సంచుల్లోనే కిందికి తెచ్చాం.

ఇక తగ్గించిన ఆ అర. గేటు దాటాక నాలుగు గంటల పాటు ఆడవాళ్లకి బాత్రూం లేదు. అడవిలో ఉండదని నాకూ తెలుసు. కానీ ఆ మాట ముందే చెప్పాలి. మేం ఐదుగురు ఆడవాళ్లం. ముగ్గురు నీళ్లు తాగడమే తగ్గించేశారు, అందులో ఒకావిడకి మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంది. చివరికి నర్సమ్మాయే చున్నీ అడ్డం పట్టి, మగవాళ్లందరినీ మలుపు అవతలికి పంపింది. అదే మాట వ్యాను ఎక్కకముందు చెప్పి ఉంటే ఎవరూ దాహంతో నడిచేవాళ్లు కాదు. ఒక చిన్న అడ్డుతెర, పేపర్ సబ్బు ఆ సంచిలోనే పెట్టుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు తమ్ముడికి ఈ మాట చెప్పాను. సిగ్గుపడ్డాడు గానీ ఫోన్‌లో రాసుకున్నాడు.

ఇంకొకటి. ఫిబ్రవరి మధ్య నుంచి మే దాకా వాళ్లు అడవి నడకలు పెట్టరు. ఎండుగడ్డి, కార్చిచ్చు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణిలో కొండ అంటుకుని ఇరవై మందికి పైగా ట్రెకర్లు చనిపోయారు. ఆ మంటల సంగతి తమ్ముడు వ్యానులో చెప్తుంటే అందరం నోరు మూసుకుని విన్నాం. ఆ తమిళనాడులోనే ప్రభుత్వం 2024 అక్టోబరులో 40 దారులు తెరిచి, ఆన్‌లైన్లో బుకింగ్, స్థానిక గైడ్లు ఏర్పాటు చేసింది. మన శేషాచలం చుట్టూ, నాగలాపురం వైపూ అలాంటిది వస్తే ఇన్ని ఫోన్లు చేసి వాకబు చేసుకునే అవసరం ఎవరికీ ఉండదు. ఇది మన అటవీ శాఖ చేయాల్సిన పని, చేయగలిగిన పని కూడా. గట్టిగా కోరుకుంటున్నా.

ఆ రోజు వ్యాను ఎక్కేముందు ఆఖరిసారి లెక్కపెట్టారు. పదమూడు దగ్గర ఆగింది. పధ్నాలుగో నంబరు రిటైర్డ్ మాస్టారు, గుడి దగ్గర కొబ్బరికాయ కొడుతున్నారు. ఆయన వచ్చి "పధ్నాలుగు" అనేదాకా డ్రైవరు తాళం తిప్పలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రేణిగుంట ఆవిడకి అప్పుడే మెసేజ్ పెట్టాను.

జనవరి నడకకి ఇద్దరం పేర్లిచ్చాం. నాది మళ్లీ పదకొండే, ఆమెది పన్నెండు.