కిశోర్‌దాకి దండం, ఖండ్వా లాడ్జికి వెయ్యి దండాలు

ఓంకారేశ్వర్ యాత్రకి రైల్లో వెళ్లే మనవాళ్లలో చాలామంది మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జంక్షన్‌లో దిగుతారు. దిగి, బయట బస్సో టాక్సీయో పట్టుకుని నేరుగా గుడికి వెళ్లిపోతారు. అది హిందీ సినిమా గాయకుడు, నటుడు కిశోర్ కుమార్ పుట్టిన ఊరని, ముంబైలో పోయాక ఆయన్ని తెచ్చి దహనం చేసింది కూడా అక్కడేనని తెలిసినవాళ్లు సైతం ఆగరు. నా మాట విని ఆగండి. సగం రోజు చాలు. రాత్రి మాత్రం ఉండొద్దు. ఎందుకు ఉండొద్దో కాస్త వివరంగానే చెప్తాను, ఆ లాడ్జి మీద కోపం నాకింకా చల్లారలేదు.

మేము వెళ్లింది ముగ్గురం. నేను, మా ఆవిడ, మామయ్య. మామయ్య చిన్నప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ మీడియం చదివిన మనిషి, రేడియో సిలోన్‌లో హిందీ పాటలు వింటూ పెరిగారు. గాయకుడు మహ్మద్ రఫీని ఆయన ముందు 'రఫీ' అనకూడదు, 'రఫీ సాబ్' అనాలి. నేను పూర్తిగా కిశోర్ పార్టీ. ఆదివారం భోజనాల దగ్గర మొదలైన గొడవ టీ దాకా సాగడం మా ఇంట్లో మామూలే. మా ఆవిడకి ఇద్దరూ ఒకటే, ఆమెకి కావాల్సింది రెండు జ్యోతిర్లింగాల దర్శనం. అవి రెండూ హాయిగా అయ్యాయి. ఉజ్జయినిలో తోపులాట లేదు, ఓంకారేశ్వర్‌లో నర్మదా స్నానం, పడవలో అవతలికి వెళ్లి రావడం, ఇవతలి ఒడ్డున మమలేశ్వర్, అన్నీ మధ్యాహ్నానికల్లా ముగిశాయి.

ఇండోర్‌లో విమానం దిగిన దగ్గర్నుంచి తిరిగి అక్కడే దింపేదాకా కారు 13,500కి మాట్లాడుకున్నాం. ఖండ్వా అందులో లేదు. ఓంకారేశ్వర్ నుంచి డెబ్భై కిలోమీటర్లు అటు వెళ్లి రావడానికి డ్రైవర్ 2,200 అదనం, నైట్ బత్తా 400 అన్నాడు. సరే అన్నాక, "అక్కడ ఏముంది సాబ్, శ్మశానం తప్ప" అని కూడా అన్నాడు. ముందు సీట్లోంచి మామయ్య "సహీ బోలా" అన్నారు. ఆ రోజంతా వాళ్లిద్దరూ ఒక జట్టు.

ఇక లాడ్జి. పేరు రాయను, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం. యాప్‌లో ఏసీ డీలక్స్ 1,650 అని చూపించి, డబ్బు మొత్తం ముందే కట్టించుకుంది. వెళ్లేసరికి సాయంత్రం ఏడయింది. కౌంటర్‌లో కుర్రాడు ముగ్గురి ఆధార్ జిరాక్సులకి తలా పది రూపాయలు తీసుకున్నాడు. మూడో మనిషికి పరుపు 350. అంతవరకూ ఎవరం ఏమీ అనలేదు, ప్రయాణాల్లో ఇవి మామూలే. గదిలోకి వెళ్లి చూస్తే గోడకి ఏసీ ఉంది, రిమోట్ లేదు. మళ్లీ కిందికి దిగి అడిగితే, కౌంటర్ వెనకాల మేకుకి వరసగా వేలాడుతున్న అరడజను రిమోట్లు చూపించి, "రిమోట్ కావాలంటే 500" అన్నాడు. బుక్ చేసింది ఏసీ గది కదా బాబూ అంటే, "ఏసీ గదే సార్, ఏసీ ఉంది కదా" అన్నాడు, ముఖంలో రవ్వంత మార్పు లేకుండా.

మామయ్య దిగారు రంగంలోకి. ఆయన ఉర్దూ మామూలుగా చాలా నాజూకుగా ఉంటుంది, కోపమొస్తే మాత్రం అచ్చంగా చార్మినార్ గల్లీ. ఓనరు అట అన్నాయన వచ్చాడు, యాప్ వాళ్లని అడగమన్నాడు. యాప్ వాళ్లు హోటల్ వాళ్లని అడగమన్నారు. నేను ఫోన్‌లో మ్యూజిక్ వింటూ హోల్డ్‌లో ఉండగానే గంట గడిచింది. చివరికి 300 ఇచ్చి రిమోట్ తెచ్చుకుంటే, అందులో బ్యాటరీలు లేవు. బ్యాటరీలు బయట షాపులో 30. ఏసీ ఆన్ అయింది, చల్లబడలేదు. పొద్దున వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే, అదీ బకెట్లతో, బకెట్‌కి 20. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, ఎవరు లోపల ఉంటే వాళ్లు గట్టిగా పాడుతూ ఉండాలని తీర్మానించుకున్నాం. సంగీత యాత్ర అంటే ఇదేనేమో అని మా ఆవిడ ఒక్కసారి నవ్వింది. ఆ రాత్రికి అదే చివరి నవ్వు. మామయ్యకి నిద్ర లేక బీపీ పెరిగింది. తెల్లారాక రిమోట్ డబ్బు 300 వెనక్కి ఇవ్వమని ఇంకో రౌండు గొడవ పెట్టుకున్నాం, రాలేదు. ఇంకో రెండు గంటలు పోయాయి. ఆ టైముకి వెల ఎంతో తర్వాత తెలిసింది, కింద చెప్తాను.

కిశోర్ స్మారకం, సమాధి ఊరికి ఇండోర్ రోడ్డు వైపున ఉంటాయి. ఆటో ఎవరినడిగినా తీసుకెళ్తాడు, స్టేషన్ నుంచి 80 అడిగితే 60కి వస్తాడు. తాజ్‌మహల్ ఊహించుకుని వెళ్లకండి. స్మారకంలో విగ్రహం ఉంది, సమాధి చాలా మామూలుగా ఉంది. మేము వెళ్లేసరికి ఎవరో ఆకు దొన్నెలో జిలేబీలు పెట్టి వెళ్లారు. పాకం కారి రాతి మీద మరకయింది, చీమలు అప్పుడే బారు కట్టాయి. ఊరినిండా చెప్పుకునే మాట ఒకటుంది, "దూధ్ జలేబీ ఖాయేంగే, ఖండ్వా మే బస్ జాయేంగే" (పాలూ జిలేబీ తింటాం, ఖండ్వాలోనే ఉండిపోతాం) అని. ముంబై విసిగించినప్పుడల్లా ఆయన ఇంటికి పోతా పోతా అనేవాడట. స్టేజీ మీద కూడా 'కిశోర్ కుమార్ ఖండ్వేవాలా' అని చెప్పుకునేవాడు. 1987 అక్టోబర్ 13న పోయాడు. అది అన్నయ్య అశోక్ కుమార్ పుట్టినరోజు. తర్వాత ఖండ్వాకే వచ్చాడు, ఆ రకంగా.

అక్కడ బుర్హాన్‌పుర్ నుంచి వచ్చిన ఒకాయన, యాభై ఏళ్లుంటాయి, ఫోన్‌లో కరవోకే పెట్టుకుని కిశోర్ పాటలు పాడుతున్నాడు. గొంతు బాగుంది. మామయ్య కాసేపు ఓర్చుకున్నారు. పాట ఆగగానే వెళ్లి సలాం చేసి, "మీ కిశోర్ తెర మీద నటిస్తుంటే వెనకాల పాట పాడింది ఎవరో తెలుసా?" అని అడిగారు. ఈ అస్త్రం నాకు పాతదే. సంగీత దర్శకులు 'రాగిణి' (1958)లో ఓపీ నయ్యర్, 'శరారత్' (1959)లో శంకర్ జైకిషన్, కిశోర్ నటించిన పాటకి రఫీ చేత పాడించారు. "పాటగాడే హీరో, అయినా రఫీ సాబ్ కావాల్సి వచ్చింది" అనేది మామయ్య పాయింటు. బుర్హాన్‌పుర్ ఆయన తడుముకోలేదు. "'ఆరాధన' తర్వాత ఏమైంది చాచా?" అన్నాడు. 1969లో ఎస్డీ బర్మన్ 'ఆరాధన' పాటలు రఫీకి కొన్ని, కిశోర్‌కి కొన్ని ఇచ్చాడు. కిశోర్ పాడిన 'రూప్ తేరా మస్తానా'కి మొదటి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది, తర్వాత అలాంటివి ఇంకో ఏడు. మామయ్య ఆ సినిమా పేరెత్తితే ఇప్పటికీ ముఖం ముడుచుకుంటారు.

నేను పక్కన రాతి మీద కూర్చుని ఆ వాదన వింటూ ఉంటే, చెప్పొద్దూ, మొత్తం ట్రిప్పులో నాకు అంత సంతోషం ఇంకెక్కడా దొరకలేదు. చివరికి ఆయన అన్న ఒక్క మాట మామయ్యకి తగిలింది. "మా కిశోర్ దాదా ఇక్కడున్నాడు. రఫీ సాబ్ ఎక్కడున్నారో చూపించండి, అక్కడికీ వచ్చి పాడతాను." ముంబైలోని జుహూ శ్మశానవాటికలో చోటు చాలక 2010లో పాత సమాధులు తీసేశారు. అందులో రఫీది కూడా పోయింది. మామయ్యకి ఆ సంగతి తెలుసు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తానే, "ఎమర్జెన్సీలో సర్కారు మీటింగులో పాడనన్నాడు మీవాడు. రేడియోలో పాటలు ఆపేసినా లొంగలేదు. దమ్మున్నోడు, అది మాత్రం ఒప్పుకుంటా" అన్నారు. ఇద్దరూ ఫోన్ నంబర్లు తీసుకున్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో రోజూ యుద్ధమే.

పుట్టిన ఇల్లు బాంబే బజార్‌లో, స్టేషన్‌కి దగ్గర్లోనే. చూసి మనసు పాడైంది. ముందంతా దుకాణాలు, వెనకాల పెచ్చులూడిన గోడలు. శిథిల భవనమని 2017లో నగరపాలక సంస్థ నోటీసు కూడా ఇచ్చింది. మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వలేదు, గేటు దగ్గర ఫొటో తీసుకుని వచ్చేశాం. ఆయన పేరు మీద ఏటా అవార్డు ఇచ్చే ప్రభుత్వం ఆ ఇంటి పైకప్పు సంగతి చూస్తే బాగుండు.

జిలేబీ మాత్రం తినకుండా రావద్దు. వంద గ్రాములు 40, వేడి పాలు గ్లాసు 30. మన దగ్గరిలా లావుగా, మెత్తగా ఉండదు, సన్నగా కరకరలాడుతుంది. పాలలో ముంచి వెంటనే తినాలి, నానితే పోయింది. షుగర్ ఉన్న మామయ్య రెండు ప్లేట్లు తిన్నారు. మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. డ్రైవర్ కూడా మెత్తబడ్డాడు, అతనికీ ఒక ప్లేటు ఇప్పించాం లెండి.

అక్కడి నుంచి ఇండోర్ 130 కిలోమీటర్లు. మోర్టక్కా దగ్గర నర్మద వంతెన మీద, తర్వాత ఘాట్ రోడ్డులో లారీల వల్ల నాలుగు గంటలు పట్టింది. ఈ రోడ్డు గురించి ఆలోచిస్తే ఒకటి భలే అనిపిస్తుంది. 1929 ఆగస్టు 4న ఒక చివర ఖండ్వాలో కిశోర్, సెప్టెంబర్ 28న ఇంకో చివర ఇండోర్‌లో లతా మంగేష్కర్ పుట్టారు. రెండు నెలలు కూడా తేడా లేదు. ఇద్దరికీ పరిచయం మాత్రం ముంబై లోకల్ రైల్లో అయింది, అదీ కొట్లాట లాంటిది. ఎవడో తన వెంటపడి స్టూడియో దాకా వచ్చాడని లత వెళ్లి సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్‌కి ఫిర్యాదు చేస్తే, ఆయన నవ్వి, వీడు అశోక్ కుమార్ తమ్ముడని చెప్పాడట. ఆ తర్వాత 'జిద్దీ' (1948)లో ఇద్దరూ కలిసి పాడారు.

లత పుట్టిన చోటు సిఖ్ మొహల్లాలో. ఇప్పుడు బట్టల కొట్టు. లోపల ఆవిడ బొమ్మ పెట్టుకున్నారు, వచ్చినవాళ్లని విసుక్కోకుండా చూడనిస్తారు. ఊరికే చూసి వెళ్తే బాగోదని మా ఆవిడ 650 పెట్టి డ్రస్ మెటీరియల్ కొంది. అక్కడే నిలబడి 'నిదురపోరా తమ్ముడా' కూనిరాగం తీసింది. 'సంతానం' (1955)లో సుసర్ల దక్షిణామూర్తి లత చేత పాడించిన పాట. సేల్స్ కుర్రాడికి లత తెలుగులో పాడిందని తెలియదు, మామయ్య అతన్ని కూర్చోబెట్టి మరీ ఫోన్‌లో వినిపించారు.

కిశోర్ చదివిన క్రిస్టియన్ కాలేజీని గేటు బయటి నుంచే చూశాం, ఆదివారం. క్యాంటీన్‌లో ఐదు రూపాయల పన్నెండణాల బాకీ పడ్డాడని, ఆ లెక్కే తర్వాత 'చల్తీ కా నామ్ గాడీ'లో పాట అయిందని అందరూ చెప్పే కథ. మేము చూడలేకపోయింది పిగ్డంబర్‌లో లతా పేరు మీద ఉన్న గ్రామఫోన్ రికార్డుల మ్యూజియం. ఊరి బయట, దారికి దగ్గరే. పొద్దున లాడ్జి కౌంటర్ దగ్గర పోయిన రెండు గంటలు ఉంటే చూసేవాళ్లం. మామయ్య ఇది తలుచుకున్నప్పుడల్లా ఆ కుర్రాడిని ఉర్దూలో తిడతారు. మీరు వెళ్తే ముందు ఫోన్ చేసి వెళ్లండి.

ఇండోర్‌లో బస 2,400, అల్పాహారంతో కలిపి, చెప్పిన ధరకి చెప్పిన గది. రాత్రి తిండి బజారు సరాఫాలో భుట్టే కా కీస్, గరాడు, రబ్డీ ముగ్గురికీ 480. ఖండ్వాకి ఆగస్టు 4న గానీ అక్టోబర్ 13న గానీ వెళ్తే దేశం నలుమూలల నుంచీ వచ్చి పాడేవాళ్లుంటారు. అలా వెళ్లాలనుకుంటే ఇండోర్‌లోనో ఓంకారేశ్వర్‌లోనో పడుకుని, ఐదింటికల్లా కారెక్కండి. మామయ్య మాత్రం వచ్చే చలికాలానికి అమృత్‌సర్ టికెట్లు చూడమంటున్నారు. రఫీ సాబ్ పుట్టిన కోట్లా సుల్తాన్ సింగ్ అక్కడికి దగ్గరేనట, బుర్హాన్‌పుర్ ఆయన్ని కూడా పిలిచేశారు.