కారు అప్పగించినంత మాత్రాన లోను తీరిపోదు: తిరుపతి కొనుగోలుదారులకు హెచ్చరిక

ఫైనాన్స్ మీద కారు తీసుకుని, కంతులు కట్టలేక దాన్ని తిరిగి అప్పగించాలనుకుంటున్న తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారు సంతకం పెట్టేముందు ఇది చదవాలని కోరుతున్నాను.

రేణిగుంట విమానాశ్రయంలో దిగే యాత్రికులను కొండకూ, కాణిపాకానికీ, శ్రీకాళహస్తికీ తిప్పేందుకు మా బావమరిది లోనుపై కారు కొన్నాడు. ఆరోగ్యం దెబ్బతిని కంతులు నిలిచిపోయాక, ఫైనాన్స్ సంస్థ తరఫున వసూలుకు వచ్చిన వ్యక్తి "బండి ఇచ్చేయండన్నా, లోను క్లోజ్ అయిపోతుంది, సిబిల్‌కు ఏమీ కాదు" అని, అంటే అప్పుల చెల్లింపు రికార్డు చెడదని, చెప్పాడు. ఆ రెండు హామీలూ అబద్ధాలే. సంతకం పెట్టించుకున్న కాగితంలో, వాహనాన్ని స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాననీ, వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే మిగిలినది తానే చెల్లిస్తాననీ సన్నటి అక్షరాల్లో అచ్చయి ఉంది. కిలోమీటర్ల రీడింగు, టైర్ల స్థితి, స్టెప్నీ ఉందో లేదో రాయవలసిన గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు. అందువల్ల, బండి బాగా దెబ్బతిని ఉందంటూ తక్కువ ధరకు అమ్మినప్పుడు, అప్పగించిన నాటి స్థితిని చూపడానికి మా దగ్గర ఒక్క ఆధారమూ లేకుండా పోయింది. వచ్చిన ఆ కాస్త సొమ్ములోనూ యార్డు అద్దె, తరలింపు ఖర్చులు మినహాయించుకుని, మిగిలిన బాకీకి నోటీసు పంపారు.

ఆ రికార్డు ఉండే క్రెడిట్ రిపోర్టు సంగతి ఇంకా బాధాకరం. కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో నెలవారీగా అందులో నమోదవుతుంది. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. వేలం తర్వాత మిగిలిన బాకీ కట్టకపోతే ఖాతా 'రిటన్ ఆఫ్' (వసూలు కాని బాకీగా రాసేసినది) కావచ్చు. కొంత తగ్గించి కట్టించుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరు పడిపోవడం ఒక ఎత్తయితే, తర్వాత ఇంటి లోనుకు వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజరు ఆ ఒక్క పదం చూసి ఫైలు పక్కన పెట్టేయడం మరో ఎత్తు. షూరిటీ సంతకం చేసిన బంధువు రిపోర్టుకూ ఈ మచ్చ అంటుకుంటుంది. మా మామగారు తన పేరు మీద ఎన్నడూ ఒక్క కంతు తప్పని మనిషి, ఆయనకూ ఇదే జరిగింది.

కారు వదులుకోక తప్పని పరిస్థితి వస్తే, సంస్థ నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రం) తీసుకుని, మీరే కొనేవారిని వెతికి, వారి డబ్బు నేరుగా లోను ఖాతాలో జమ చేయించండి. ధర చాలకపోతే ఆ తేడాను ఎలాగైనా సర్దండి. బాకీ మొత్తం తీరాక, అభ్యంతరం లేదని సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, తాకట్టు ముగిసిందని తెలిపే ఫారం 35 తీసుకుని ఆర్టీవో కార్యాలయంలో హెచ్‌పీ (బండి రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫైనాన్స్ సంస్థ తాకట్టు నమోదు) క్యాన్సిల్ చేయించుకోవాలి. అప్పుడు రిపోర్టులో 'క్లోజ్డ్' అని వస్తుంది. ఇక్కడ చాలామంది చేసేటట్లు స్టాంపు పేపరు మీద రాసుకుని, మిగతా కంతులు నువ్వు కట్టుకో అంటూ బండిని వేరొకరికి ఇవ్వడం మరీ ప్రమాదం, ఎందుకంటే అతను ఎగ్గొట్టినా రికార్డులో ఉండేది మీ పేరే.

అప్పగించడమే దారి అయితే, తేదీతో సహా బండి ఫోటోలు నాలుగు వైపులా తీసుకోండి, ఖాళీ గళ్లున్న కాగితంపై సంతకం పెట్టవద్దు, వేలానికి ముందు చెల్లించుకోవడానికి ఆఖరి అవకాశం ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోను ఒప్పందంలో ఆ అవకాశం ఉండాలి. సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగవచ్చు. ఉన్న విషయమే నమోదైతే మాత్రం, డబ్బు తీసుకుని దాన్ని చెరిపేస్తామనే ఏజెంట్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.