చెరువు శిఖంలో మాటు గుడారం: రెండు యాసంగులు వాడిన తర్వాత

పక్షుల ఫొటోలు తీసేవారు లోపల కూర్చునేందుకని అమ్ముతున్న మడత గుడారం ఒకటి రెండు యాసంగుల కింద ఆన్‌లైన్‌లో 6,800 రూపాయలకు తెప్పించుకున్నాను. అప్పటి నుంచి నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లోనూ, ములుగు వైపు చిన్న చెరువుల దగ్గరా కలిపి సుమారు నలభై ఉదయాలు అందులో గడిపాను. ఒకే బట్ట, ఒకే కుట్టుతో ఈ రకం గుడారాలు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నందున పేరును పక్కనపెట్టి తయారీ గురించీ, మన చెరువుల దగ్గర అది పనిచేసే తీరు గురించీ రాస్తున్నాను. వెనుకటి వేటగాళ్లు నీటి పక్కన కొమ్మలు కప్పుకొని పొంచి కూర్చునే చోటును మాటు అనేవారు. తుపాకీ లేని ఈ పనికి కూడా ఆ మాటే సరిపోతుంది కనుక దీనిని మాటు గుడారమనే అంటాను.

కొనడానికి ముందు నా దగ్గర నికాన్ 200-500 మి.మీ. లెన్స్ ఉండేది, ఇప్పటికీ అదే ఉంది. అంతటి లెన్స్ చేతిలో ఉన్నా, కట్ట దిగి శిఖంలోకి, అంటే నీరు తగ్గాక బయటపడే చెరువు నేలలోకి, నాలుగు అడుగులు వేసేసరికి ఉల్లంకులు లేచిపోయేవి, నారాయణ పక్షి అవతలి ఒడ్డుకు చేరేది. మన పక్షులకు మనుషులు కొత్త కాదు. నాట్లు వేసేవారి పక్కనే కొంగలు మేస్తాయి, బర్రెల కాళ్ల సందున పురుగులు ఏరుకుంటాయి. నడిచిపోయే మనిషిని అవి పట్టించుకోవు. ఆగి, తమ వైపు తిరిగి, ఏదో ఒకటి ఎత్తిపట్టిన మనిషిని మాత్రం క్షణం కూడా సహించవు. ఈ సంగతి అర్థమైన తర్వాతే ఇంకా పొడవైన లెన్స్ కోసం అప్పు చేయాలన్న ఆలోచన మానుకొని గుడారం వైపు వచ్చాను.

గుడారం బరువు నాలుగు కిలోల లోపే ఉంటుంది, సంచిలో పెట్టి వీపుకు తగిలించుకోవచ్చు. స్ప్రింగు తీగ చట్రం కావడంతో సంచి నుంచి తీయగానే తనంత తానే విచ్చుకుంటుంది. తిరిగి మడవడం మాత్రం నేర్చుకోవలసిన విద్య, మొదటి వారమంతా ఇంట్లో డాబా మీద సాధన చేశాను. కింద అడుగు బట్ట లేదు. నాలుగు వైపులా జిప్పు కిటికీలూ, వాటికి జాలీలూ ఉన్నాయి. లోపలి వైపు నల్లటి పూత ఉండటం దీనిలోని అన్నిటికన్నా మంచి గుణం. లోపల చీకటిగా ఉంటే బయటి నుంచి చూసే పక్షికి మన చేతి కదలిక తెలియదు. పూత లేని చవక రకం గుడారంలో సూర్యుడు వెనుక నుంచి పడగానే మనిషి నీడ తోలుబొమ్మలా తెరపై కనిపిస్తుంది, పక్షులకు ఆ ఒక్కటి చాలు. బయటి ఆకుల బొమ్మల రంగుకు అమ్మేవారు చెప్పేంత ప్రాధాన్యం లేదని నా అనుభవం. చాలా పక్షులు మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా చూడగలవు, కాబట్టి మన కంటికి గడ్డిలో కలిసిపోయిన బట్ట వాటి కంటికీ అలాగే ఉంటుందని అనుకోలేము. అవి భయపడేది మనిషి ఆకారానికీ, కదలికకూ. ఆ రెండింటినీ ఈ గుడారం బాగా దాస్తుంది.

మన ప్రాంతానికి ఇది ప్రత్యేకంగా ఎందుకు నప్పుతుందో చెప్పాలి. కాకతీయ గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాకాల మొదలుకొని ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువుల వరకు, యాసంగికి తూములు తెరిచిన నాటి నుంచి నీటి అంచు వారం వారం వెనక్కు జరుగుతూ పోతుంది. కొత్తగా బయటపడిన ఆ తడి బురదలోనే పురుగులు ఉంటాయి, చలికాలపు వలస పక్షులు దాని వెంటే జరుగుతాయి. డిసెంబరులో వేసిన మంచె ఫిబ్రవరి నాటికి ఎండిన నేల మీద వృథాగా నిలబడి ఉంటుంది. ఈ గుడారాన్ని నీటి వెంట జరుపుకుంటూ పోవచ్చు. నేను ముందు రోజు సాయంత్రమే వేసి, మేకులు దిగగొట్టి, నాలుగు తుంగ కట్టలు ఆనించి వస్తాను. పొద్దు పొడవక ముందే లోపలికి చేరుకుంటాను. చీకటితో వెళ్లడం కుదరని రోజున ఒకరిని తోడు తీసుకెళ్లి ఇద్దరమూ లోపలికి వెళతాము, కొద్దిసేపటికి అతను బయటకు వచ్చి కట్ట మీదుగా వెళ్లిపోతాడు. మనిషి పోయాడనుకొని పక్షులు అరగంటలోపే తిరిగి వస్తాయి. నారాయణ పక్షి మాత్రం ఈ ఉపాయానికి అన్నిసార్లూ లొంగదు.

జనవరిలో ఒక ఉదయం తూము పక్కన నేను నాటిన ఎండు పుల్ల మీదకు చిన్న లకుముకి పిట్ట వచ్చి వాలింది. నా లెన్స్ 2.2 మీటర్ల కంటే దగ్గరి వస్తువుపై ఫోకస్ కాదు. పుల్లను మూడు మీటర్ల దూరంలో నాటడం ఆనాడు కలిసివచ్చింది. కింది ముక్కు నారింజ ఎరుపులో ఉండటంతో అది ఆడ పక్షి అని తెలిసింది. నీటిలో పడి చేపతో తిరిగి వచ్చింది, చేప తోక దగ్గర పట్టుకొని తలను రెండు మూడు సార్లు పుల్లకేసి కొట్టింది, ముక్కులోనే తిప్పుకొని తల వైపు నుంచి మింగింది. పొలుసొకటి దాని రొమ్ము ఈకలకు అంటుకొని, ఎండ తగలగానే మెరిసింది. నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. నా డీఎస్‌ఎల్‌ఆర్ చప్పుడుకు ఒకసారి తల తిప్పి చూసిందే కాని ఎగరలేదు. పదేళ్లుగా ఫొటోలు తీస్తున్నా ఒక పక్షి తన పని తాను చేసుకుంటుండగా ఇంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి, ఆ ఒక్క ఉదయానికే గుడారానికి పెట్టిన డబ్బు తీరిపోయిందని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఇక లోపాలు. మొదటిది, అన్నిటికన్నా పెద్దది, కిటికీల ఎత్తు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి సరిపోయేలా వాటిని కుట్టారు. ఒడ్డున బురదలో తిరిగే ఉల్లంకి కన్ను నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది. మూడడుగుల పై నుంచి తీస్తే వెనుకంతా బురదే కనిపించి, పక్షి ఆ బురదలో కలిసిపోతుంది. లెన్స్‌ను నేలకు ఆనించినట్టు పెడితేనే వెనుకనున్న నీరు మసకబారి పక్షి ఒక్కటే నిలబడుతుంది. అందుకని నర్సంపేటలో ఒక దర్జీ దగ్గర ముందు వైపు అడుగు భాగాన్ని కోయించి, పాత గొడుగు బట్టతో మోచేతి పొడవు గొట్టంలా కుట్టించాను. లెన్స్ దానిలో నుంచి బయటకు వస్తుంది, కింద ఇసుక నింపిన సంచి ఉంటుంది, నేను చాప మీద బోర్లా పడుకుంటాను. దీనికి అయిన ఖర్చు 250 రూపాయలు. ఈ మార్పు లేకపోతే నీటి పక్షుల కోసం ఈ గుడారాన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను. పొలం గట్టున తుమ్మ కొమ్మ మీదనో కరెంటు తీగ మీదనో వాలే పాలపిట్టకైతే ఉన్న కిటికీలే సరిపోతాయి.

రెండవది జిప్పులు. నిశ్శబ్దంగా ఉన్న చెరువు దగ్గర వాటి చప్పుడు చాలా దూరం పోతుంది. పైగా మూడో నెలలోనే ఒకటి పళ్లు విడిచింది. అమ్మినవారికి ఫొటోలతో సహా రెండుసార్లు రాసినా బదులు రాలేదు. అదే దర్జీ దాని స్థానంలో అంటుడు పట్టీ (వెల్క్రో) వేయబోతే వద్దని, బొత్తాలు కుట్టించాను, ఎందుకంటే అంటుడు పట్టీ చప్పుడు జిప్పును మించుతుంది. మూడవది వేడి. నల్లటి లోపలి పూతకు గాలి ఆడని బట్ట తోడై, ఫిబ్రవరి చివరికే తొమ్మిది గంటలకల్లా లోపల ఉడికిపోతుంది. ఆ సమయానికి నీటి మీద వేడి గాలి అలలు లేచి ఫొటోలు కూడా పదునుగా రావు కనుక పెద్ద నష్టం లేదు, అయినా రెండు సీసాల నీళ్లు లేనిదే కూర్చోకూడదు. మార్చి తర్వాత నేను దీనిని వాడటం లేదు.

అడుగు బట్ట లేనందున కూర్చునే ముందు టార్చ్‌తో నేలంతా చూసుకోవడం తప్పనిసరి. ఒకసారి చాప కింద తేలు కనిపించింది. శిఖంలో గుడారం కనిపిస్తే ఊరివారికి అనుమానం రావడం సహజమే. మొదటి రోజున చేపల వల భుజాన వేసుకొని వచ్చిన పెద్దాయన "ఎవరయ్యా లోపల, ఏం జేస్తున్నరు?" అని గట్టిగా అడిగాడు. బయటకు వచ్చి ఫొటోలు చూపించాక ఆయనే కూర్చొని, బుడుబుంగలు ఏ మూలన మునుగుతాయో, తామరాకుల మధ్య జకానాలు ఎక్కడ తిరుగుతాయో వివరంగా చెప్పాడు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా ముందుగా రైతులకూ, చేపలు పట్టేవారికీ చెప్పి, వారు ఒప్పుకున్న చోటే గుడారం వేస్తున్నాను. పాకాల, ఏటూరునాగారం వంటి అభయారణ్యాల లోపల వేయాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి, అది లేకుండా వేయకండి.

గుడారం డబ్బా మీద, గూడు ముందర దీనిని వేసి పిల్లలకు మేత పెడుతున్న పక్షిని తీస్తున్న బొమ్మ ఒకటి అచ్చు వేశారు. ఆ బొమ్మను తీసివేయాలని తయారీదారులను గట్టిగా కోరుతున్నాను. నిరుడు మార్చి చివరలో, ఆ యాసంగిలో ఆఖరిసారి గుడారం వేసిన రోజు, దూరం నుంచి ఒక తీతువు నీటి అంచుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొని, నడుచుకుంటూ వచ్చి ఒకే చోట కూర్చోవడం చూశాను. అలా మూడుసార్లు వెళ్లి వచ్చింది. ఉత్త నేల మీద పెట్టిన గుడ్లు ఎండకు ఉడికిపోకుండా అది తెచ్చే తడి అది. గుడారం ఇంకొంచెం దగ్గరగా ఉండి ఆ పక్షి అరగంట వెనుకాడి ఉంటే ఆ గుడ్లు చచ్చిపోయేవి. ఆ క్షణమే సామాను సర్దుకొని, అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి కట్ట ఎక్కాను. ఆ ఫొటో నా దగ్గర లేదు, తీయాలని కూడా లేదు.

దసరా నాడు పాలపిట్టను చూపిస్తామని పంజరంలో పెట్టి తిప్పేవారు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఊరి చివర మక్క చేను పక్కన ఈ గుడారం వేసి, గత దసరాకు మా అక్క పిల్లలిద్దరికీ కిటికీ జాలీ లోంచి పాలపిట్ట ఎగిరినప్పుడు విచ్చుకునే నీలి రెక్కలను చూపించాను. ఇద్దరు పిల్లలూ నేనూ ఇరుకుగానైనా పట్టాము, కాని పెద్దవారు ఇద్దరు లెన్సులతో కూర్చోవడానికి ఇది చాలదు. ఒక్కరే వెళ్లేవారు, 400 లేదా 500 మి.మీ. లెన్స్ ఇప్పటికే ఉన్నవారు, దర్జీ ఖర్చు కలిపి ఏడు వేల పైచిలుకు పెట్టగలిగినవారు కొనవచ్చు. అంత పెట్టలేనివారు నాలుగు వెదురు కర్రలకు పాత గొంగడి కట్టి, లెన్స్ పట్టేంత సందు కిందివైపున వదిలి మొదలుపెట్టవచ్చు. మోయడం బరువే, వాన పడితే ఇంకా బరువు, కాని గొంగడికి జిప్పు చప్పుడు ఉండదు.