ముంబై ప్యాకేజీలో తారాపోర్‌వాలా అక్వేరియం ఉందంటే డబ్బులు కట్టకండి

ఇంకా తిరుగు రైల్లోనే ఉన్నాం, కోపం చల్లారలేదు. అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

తెలుగు గ్రూపుల్లో "ఒక్క రోజులో ముంబై" అని పోస్టర్లు తిప్పుతుంటాడు చూడండి, అతనే. పేరు రాయను, ఆ పోస్టర్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కారు, గేట్‌వే, మెరైన్ డ్రైవ్, చివర్లో అక్వేరియం. అక్వేరియం టికెట్లకని విడిగా తలకి 250 చొప్పున నలుగురికీ ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. అది తెరిచి ఉన్న రోజుల్లో పెద్దవాళ్ల టికెట్టే 60 రూపాయలట! మనవాడే కదా, తెలుగులో మాట్లాడుతున్నాడు కదా అని కట్టేశాను. బాగా అయ్యింది నాకు.

మా బాబుకి షార్క్‌లంటే పిచ్చి. పోస్టర్‌లో గాజు సొరంగం, నెత్తిమీద ఈదే చేపలు చూసి రాత్రంతా నిద్రపోలేదు వాడు.

చర్నీ రోడ్ దగ్గర కారు దిగితే గేటుకి తాళం. పక్కనే శనగలు అమ్మే పెద్దాయన మమ్మల్ని చూసి, "కరోనా నుంచీ బంద్" అన్నాడు. 1951లో రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన అక్వేరియం అది. 2015లో బాగుచేసి, 12 అడుగుల సొరంగం కట్టి మళ్లీ తెరిచారు. పోస్టర్ మీదున్నది ఆ సొరంగమే. 2020 మార్చిలో మూశారు, తర్వాత భవనమే బలహీనంగా ఉందని తేలింది. ఇవన్నీ ఆ గేటు ముందు నిలబడి ఫోన్‌లో చదువుకున్నాను.

వెంటనే అతనికి ఫోన్ చేశాను, స్పీకర్‌లో. "అలాగా మేడమ్? ఈరోజే మూసుంటారు" అన్నాడు. ఏళ్ల నుంచీ మూసే ఉందటగా అంటే కాసేపు మాట లేదు. తర్వాత, "ఎదురుగా సముద్రం ఉంది కదా మేడమ్. ఆ చేపలు వచ్చేది అందులోంచే. బాబుకి అదే చూపించండి, టికెట్ కూడా అక్కర్లేదు" అని నవ్వాడు. వెనకాల ఇంకెవరో కూడా నవ్వారు. మా బాబు అంతా విన్నాడు. "అమ్మా, అంకుల్ ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగితే ఏం చెప్పను?

డబ్బులు తిరిగి ఇవ్వమంటే "ఎంట్రీ టికెట్లు నాన్ రిఫండబుల్ అండీ" అన్నాడు. ఏ ఎంట్రీ, ఏ టికెట్ బాబూ? తాళం కప్పకి టికెట్టా? అంత మర్యాదగా 'అండీ' అంటూ మోసం చేసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

డ్రైవర్ పాపం మంచివాడే. ఇలా గేటు దాకా తెచ్చి వెనక్కి తిప్పడం తనకి అలవాటైపోయిందన్నాడు. బైకుల్లా జూలో పెంగ్విన్లున్నాయి, అక్కడికి తీసుకెళ్తానని కారు తిప్పాడు కూడా. సగం దారిలో గుర్తొచ్చింది ఆయనకి, ఆ రోజు బుధవారం. బుధవారం జూకి సెలవు.

ఎవరైనా వెళ్తుంటే, ప్యాకేజీలో రాసిన ప్రతి చోటుకీ గూగుల్ మ్యాప్‌లో ఈ నెల రివ్యూలు చూడండి. ఎంట్రీ డబ్బులు ముందే ఇవ్వకండి, అక్కడి కౌంటర్‌లో మీరే కొనుక్కోండి.

ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. వాట్సాప్ స్టేటస్ మాత్రం పొద్దున్నే పెట్టాడు: వచ్చే ఆదివారం బ్యాచ్‌కి ఇంకా ఆరు సీట్లున్నాయట, అక్వేరియంతో కలిపి.