రిసార్టులో ఎండు ద్రాక్ష, తొట్లకొండ మీద అసలు సంగతి

హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సుఖంగానే వెళ్లాం. చెప్పాల్సిందంతా భీమిలి రోడ్డులో మేం దిగిన రిసార్టు గురించి. పేరెందుకు లెండి. రెండు రోజుల మైండ్‌ఫుల్‌నెస్ రిట్రీట్, అంటే ఈ క్షణాన్ని శ్రద్ధగా గమనించడం నేర్పే ధ్యాన శిబిరం, మనిషికి 8,500, భోజనాలు కలిపి. ఆఫీసు టెన్షన్‌తో ఆర్నెల్లుగా నాకు సరిగ్గా నిద్ర లేదు, అందుకని నేనే బుక్ చేసి, రానన్న అక్కని కూడా లాక్కెళ్లాను. అక్క ఎప్పుడో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త అనే కేంద్రంలో 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసింది. అక్కడ ఫీజంటూ ఉండదు, కోర్సు పూర్తయ్యాక ఇష్టమైతే విరాళమిస్తారు, అంతే. "ఊపిరి చూసుకోడానికి పదిహేడు వేలేమిటే!" అని రైలెక్కినప్పట్నుంచీ ఒకటే సణుగుడు.

మొదటి సెషన్‌లో తలా ఒక ఎండు ద్రాక్ష చేతిలో పెట్టి, పది నిమిషాలు దాన్నే చూడమన్నారు, వాసన చూడమన్నారు, నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా ఆగమన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. దానికన్ని ముడతలుంటాయని నేనెప్పుడు చూశాను గనక. కానీ సరిగ్గా కళ్లు మూసుకోమన్న టైముకి పక్క లాన్‌లో ఎవరిదో పెళ్లి డీజే మొదలైంది. శబ్దాన్ని కూడా గమనించండి అన్నాడు ట్రైనర్ కుర్రాడు. గమనించాం, రాత్రి పన్నెండున్నర దాకా. గదిలో ఏసీ నీళ్లు అక్క మంచం మీదే కారుతుంటే, గది మార్చమని రెండుసార్లు ఫోన్ చేస్తే, బకెట్ పంపారు.

మర్నాడు అక్క ఉండబట్టలేక ట్రైనర్ని అడిగేసింది, "ఇదంతా బుద్ధుడు చెప్పిందే కదా బాబూ" అని. "లేదు ఆంటీ, 1979లో అమెరికాలో కనిపెట్టారు" అన్నాడు. సగం నిజమే. ఆ ఏడాది మసాచుసెట్స్ యూనివర్సిటీలో జాన్ కబాట్-జిన్ నొప్పులు తగ్గని రోగుల కోసం ఈ కోర్సు పెట్టాడు. ఆయన ధ్యానం నేర్చుకున్నది మాత్రం బౌద్ధ గురువుల దగ్గరే. ఆస్పత్రి కాబట్టి మతం మాట పక్కన పెట్టాడు, దాన్ని తప్పనను. ఈ కుర్రాడికి ఆ మాత్రం కూడా ఎవరూ చెప్పకపోవడమే నాకు చిరాకేసింది. మైండ్‌ఫుల్‌నెస్‌కి అసలు మాట, పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో 'సతి', సంస్కృతంలో స్మృతి. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో అది ఏడోది, దానికి ముందు ఇంకో ఆరున్నాయి.

ఖాళీ చేసేటప్పుడు బిల్లులో 'కిట్' అని తలా 650 అదనం. ఒక కొవ్వొత్తి, ఒక నోటుబుక్కు, చిన్న సీసాలో ఎండు ద్రాక్షలు. మాకొద్దన్నా, గదిలో పెట్టేశాం కాబట్టి లెక్కే అన్నారు. 40 నిమిషాలు వాదించి కట్టాం.

ఆ కోపంతోనే ఆటో మాట్లాడుకుని తొట్లకొండ ఎక్కాం, వెయిటింగ్‌తో కలిపి 600. నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకెళ్లండి, పొద్దున్నే అయితే మేలు. 1970ల్లో నేవీ సర్వేలో బయటపడిన బౌద్ధ ఆరామమిది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. స్తూపం, వరసగా భిక్షువుల గదుల పునాదులు, ఎదురుగా సముద్రం. గది అంటే ఒక మనిషి చాప పరుచుకుంటే నిండిపోయేంత. ఆటో అతను "ఫోటోలు తీసుకోండమ్మా" అన్నాడు గానీ, అక్క ఒక గోడ పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు లేవలేదు.

లేచాక చెప్పింది, "మా కోర్సులో మొదటి రోజే ఐదు శీలాలు పట్టించారు, ఊపిరి సంగతి ఆ తర్వాతే. చంపనని ఒకటి, ఇవ్వనిది తీసుకోనని రెండోది. మీ రిసార్టోళ్ల చేత ఆ రెండోది పట్టించాలే ముందు." రెండు రోజుల్లో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

కిందికి దిగి బీచ్ రోడ్డులో 70 రూపాయలకి పెసరట్టు ఉప్మా తిన్నాం. రెండు రోజుల రిసార్టు బఫేలో ఒక్కటీ దాని కాలిగోటికి సరిపోదు. కిట్‌లోని ద్రాక్షలు మాత్రం పారేయలేదు, పాయసంలో వేస్తానని అక్క తన సంచిలో పెట్టుకుంది.