ఆగుంబెలో ఎగిరే కప్ప కోసం రెండు రాత్రులు

కర్ణాటకలో పడమటి కనుమల్లో ఉన్న ఆగుంబె అనగానే అందరూ రాచనాగు గురించే మాట్లాడతారు, 2005లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టాక మరీనూ. మేము మాత్రం మలబారు ఎగిరే కప్ప కోసమే వెళ్ళాం, అదీ జులైలో. హైదరాబాద్ నుంచి శివమొగ్గకు బస్సు, అక్కడి నుంచి తీర్థహళ్ళి మీదుగా ఇంకో 90 కిలోమీటర్లు. ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు కాబట్టి గొడుగు ఆగదు, రెయిన్‌కోటు పెట్టుకోండి.

మొదటి రాత్రి మెయిన్ రోడ్డు మీద లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వాళ్ళు పంపిన గైడుతోనే వచ్చింది బాధంతా. కొమ్మ మీదున్న కప్పను చేత్తో పట్టుకుని, "ఫొటో తీసుకోండి, ఎగురుతుంది" అంటూ గాల్లోకి విసిరాడు. అది తడి రోడ్డు మీద పడింది. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంత దాంతోనే పీలుస్తుంది, మన చేతులకున్న ఉప్పు, దోమల క్రీము దానికి ఎంత చేటో! డబ్బులిచ్చేసి మధ్యలోనే తిరిగొచ్చాం, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వక్కతోటలో ఉన్న హోమ్‌స్టేకి మారాం. మనిషికి రోజుకు 1800, మూడు పూటలా భోజనంతో కలిపి. అక్కి రొట్టె (బియ్యప్పిండి రొట్టె), వేడి కషాయం, తడిబట్టలు ఆరేసుకోవడానికి పొయ్యి పక్కన చోటు. సిగ్నల్ ఉండదు, కరెంటు పోతూ ఉంటుంది, బాత్రూమ్ బయట, కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి. జలగలు ఎక్కడైనా తప్పవు.

కప్ప కోసం అడవిలోకి వెళ్ళనే లేదు. ఇంటి వెనక సిమెంటు తొట్టి, దాని మీదికి వంగిన కొమ్మ. ఇంటాయన టార్చికి ఎర్ర కాగితం చుట్టి, కదలొద్దని సైగ చేశారు. ఇంచుమించు అరచేయంత ఆడకప్ప, ఆకుపచ్చ ఒళ్ళు, వేళ్ళ మధ్య నారింజ ఎరుపు పొర, వీపు మీద చిన్న మగకప్ప. వెనక కాళ్ళతో మజ్జిగ చిలికినట్టు నురగ చిలుకుతోంది, గుడ్లన్నీ ఆ నురగలోనే! పైన గట్టిపడ్డా లోపల తడి ఆరదట, గుడ్లు పగిలాక తోకకప్పలు నేరుగా కింద నీళ్ళలో పడతాయి. అందుకే ఆయన వానాకాలమంతా ఆ కొమ్మ నరకరు, తొట్టి కడగరు.

కాసేపటికి పై కొమ్మ నుంచి ఇంకో కప్ప వేళ్ళు విప్పి, తొట్టి దాటి, ఏటవాలుగా జారి వక్కచెట్టుకు అతుక్కుంది. ఎవరూ విసరలేదు.

గది బుక్ చేసేముందు ఫోన్ చేసి, మీ గైడు కప్పను ముట్టుకుంటాడా అని అడగండి. పట్టుకుని చూపిస్తాం అంటే ఇంకో ఇల్లు వెతుక్కోండి.