డైరెక్ట్ ఓనర్ దగ్గర ఇల్లు కొంటున్నారా, రిపేర్లు మాత్రం ఆయన చేతిలో పెట్టకండి

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇన్‌స్పెక్షన్ అయిపోయి, "రిపేర్లన్నీ ఓనరే చేయిస్తానన్నారు" అని నిశ్చింతగా ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి, ఎందుకంటే సరిగ్గా రెండు నెలల కిందట నేనూ అలాగే ఉన్నాను.

మొత్తం కథ చెప్పే ఓపిక లేదు. యాడ్ చూసి ఫోన్ చేశాం, ఇల్లు నచ్చింది, మధ్యలో బ్రోకర్ లేడు కాబట్టి కమిషన్ మిగులుతుందని సంబరపడ్డాం. కొనేముందు ఇంట్లో లోపాలు చూసి రిపోర్ట్ రాసిచ్చే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించాం, ఆ మనిషి పాపం చాలా శ్రద్ధగా చూశాడు. రిపోర్టులో చిన్నాచితకా బోలెడున్నా పెద్దవి మూడే. పడకగది సీలింగ్ మూలలో చెమ్మ మరక, పైన టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింది అన్నాడు. వంటింట్లో, వాషింగ్ మెషిన్ దగ్గర మూడు పిన్నుల సాకెట్లున్నాయి కానీ వాటికి ఎర్తింగ్, అంటే లీకైన కరెంట్‌ని భూమిలోకి పంపే వైరు, లేదన్నాడు. గీజర్ సేఫ్టీ వాల్వ్ కారుతోంది, మార్చాలన్నాడు.

రిపోర్ట్ తీసుకెళ్ళి ఓనర్‌కి చూపించా. ఆయన పూర్తిగా చదవను కూడా చదవలేదు. "తమ్ముడూ, నువ్వు టెన్షన్ పడకు, ఇన్నేళ్ళు నేనున్న ఇల్లు, నాకు తెలిసిన పనివాళ్ళున్నారు, తాళాలు నీ చేతికిచ్చేలోపు అన్నీ చేయించి పెడతా, మన మధ్య కాగితాలెందుకు" అన్నాడు. నేను "సరే అన్నా" అన్నాను. మా ఆవిడ ఆ రాత్రే చెప్పింది, ఆ రిపేర్లకయ్యే డబ్బు రేటులో తగ్గించమని అడుగుదాం, పని మనమే చేయించుకుందాం అని. అంత పెద్దాయన మాటిచ్చాక మళ్ళీ బేరమాడితే బాగోదు అని ఆమె నోరు మూయించింది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు.

రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు వెళ్ళి చూశాం. సీలింగ్ తెల్లగా మెరిసిపోతోంది, మరక ఆనవాలు కూడా లేదు. ఆయనే టెస్టర్ తెచ్చి సాకెట్‌లో పెట్టి చూపించాడు, అంతా కరెక్ట్ అని లైట్లు వెలిగాయి. గీజర్‌కి కొత్త వాల్వ్ కనబడుతోంది. ఒక ఫైల్‌లో బిల్లులు పెట్టి చేతికిచ్చాడు. అదే ఇన్‌స్పెక్టర్‌ని మళ్ళీ ఒక్కసారి పిలిస్తే ఆయన అడిగేది మొదటి ఫీజులో సగం కూడా కాదు, అయినా కళ్ళకి కనబడుతోంది కదా, ఇంకెందుకు అనుకున్నా. "ఇల్లు చూసుకున్నాము, రిపేర్లు తృప్తిగా ఉన్నాయి" అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టేశా.

మూడో వారంలో గట్టి వాన పడింది. పొద్దున్న లేచి చూస్తే అదే మూలలో, అదే ఆకారంలో, ఈసారి ఇంకా పెద్దగా పసుపు మరక.

గ్యారంటీ ఏమైనా ఉంటుందేమోనని ఆ ఫైల్ తీసి బిల్లు మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశా. టెర్రస్ పని మీరే చేశారు కదా, మళ్ళీ కారుతోంది అన్నా. అవతలి మనిషి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సార్, నేను పెయింటర్‌ని సార్, టెర్రస్ ఎక్కనే లేదు. పైన కారుతోంది, ముందు అది చేయించాలి సార్ అని చెప్పాను, ఒక నెల ఆగితే చాలు, మరక కనబడకుండా చెయ్యి అన్నారు" అన్నాడు. అప్పుడు బిల్లు సరిగ్గా చదివా. పైన "సీలింగ్ రిపేర్" అని పెద్దక్షరాలు, కింద ప్రైమర్, పెయింట్, కూలీ. అంతే. వాటర్‌ప్రూఫింగ్ అన్న మాటే లేదు. బిల్లు నా దగ్గరే ఉంది ఇన్నాళ్ళూ.

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మామూలు పెయింట్ వేస్తే నీటి మరక మళ్ళీ పైకి తేలుతుంది, అందుకని మరకని అణిచిపెట్టే ప్రైమర్ ఒకటి ఉంటుంది, అది కొట్టి పైన రంగేస్తే కొన్నాళ్ళు ఏమీ తెలియదు. నీళ్ళు మాత్రం స్లాబ్‌లోకి దిగుతూనే ఉంటాయి, లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కాంక్రీట్ పగిలి పెచ్చులూడతాయి.

ఓనర్‌కి చేశా. తమ్ముడూ అని పిలిచిన మనిషి "ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు. పేరు చెప్పా, ఇల్లు చెప్పా. "ఆఁ, ఏంటి చెప్పండి" అన్నాడు. పెయింటర్ చెప్పిన మాట చెప్పా. కొంచెమైనా తడబడతాడనుకున్నా, లేదు. "మరక తీయించమన్నారు, తీయించాను. టెస్టర్ పెట్టి చూపించాను. మీరు చూసుకుని సంతకం పెట్టారు. సంతకం పెట్టేటప్పుడు కళ్ళెక్కడ పెట్టుకున్నారు?" అన్నాడు. మీరు మాటిచ్చారు కదండీ అన్నా. "ఏ కాగితంలో ఉందో చూపించండి" అని పెట్టేశాడు. కాగితాలెందుకు అన్నది ఆయనే! డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయా, మా ఆవిడ పక్కనే ఉంది, ఒక్క మాట అనలేదు నన్ను, అంటేనే బాగుండేది.

అప్పుడు అనుమానమొచ్చి నిన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వాషింగ్ మెషిన్ సాకెట్ విప్పించా. ఎర్త్ వైరు రానేలేదు లోపలికి. సాకెట్ వెనకాల న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్ళే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క వేసి కలిపేశారు. అలా కలిపితే టెస్టర్ మోసపోయి అంతా బాగుందని చూపిస్తుందట. కానీ ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఊడిందంటే మెషిన్ ఒంటికి నేరుగా కరెంట్ వచ్చేస్తుంది. మా అమ్మ రోజూ తడి చేతులతో ముట్టుకునే మెషిన్ అది. స్లాబ్ సంగతి డబ్బుతో పోతుంది, దీన్ని నేను క్షమించలేను. మొదట్లో ఎర్తింగ్ లేదని రిపోర్ట్‌లో తెలిసింది కాబట్టి కనీసం జాగ్రత్తగా ఉండేవాళ్ళం, ఇప్పుడు ఉందని నమ్మి వాడుకున్నాం. గీజర్ వాల్వ్ మాత్రం నిజంగానే మార్చారు, అది ఒప్పుకోవాలి.

కొనబోయేవాళ్ళకి చెప్పాల్సింది ఇంతే. వీలైతే రిపేర్లు ఓనర్‌తో చేయించకండి, ఆ ఖర్చుకి ఎస్టిమేట్ తెప్పించి రేటులో తగ్గించుకోండి. ఆయనకి ఆ పని అమ్మే రోజు వరకు నిలిస్తే చాలు, ఉండాల్సింది మనం. ఆయనే చేయిస్తానంటే అగ్రిమెంట్‌లో రాయించండి, "సీలింగ్ రిపేర్" అని కాదు, టెర్రస్ మీద కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ వేయించి కనీసం 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూపించాలి అని, ఎవరు చేయాలో, ఏ తేదీలోపో కూడా. పని జరుగుతుండగా ఫొటోలు అడగండి, పైన రంగు పడ్డాక ఏమీ కనబడదు. బిల్లు మీద నంబర్‌కి సంతకానికి ముందే ఫోన్ చేసి ఏం పని చేశారో అడగండి, నాకు రెండు నిమిషాలు పట్టింది ఆ ఫోన్. రిపోర్ట్ రాసిన మనిషినే మళ్ళీ తీసుకురండి, సాకెట్ కవర్ విప్పి చూడమనండి. అప్పటిదాకా కొంత డబ్బు లాయర్ దగ్గరో, ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి దగ్గరో ఆపి పెట్టండి. బ్రోకర్ లేనప్పుడు ఇవన్నీ వెంటపడి చేయించేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆ కమిషన్ మిగిలిందంటే ఆ పని మన మీద పడిందని అర్థం, నాకది తట్టలేదు.

పెయింటర్ తను చెప్పింది రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు, ఎల్లుండి లాయర్‌ని కలుస్తున్నా. రేపు పొద్దున్న మిగతా సాకెట్లు విప్పిస్తున్నాం, ఇంకా 11 ఉన్నాయి. మెయిన్ ఆపేసి కూర్చున్నాం ఇప్పటికి, ఫోన్‌లో ఛార్జింగ్ కూడా అయిపోవస్తోంది.